కట్టు – కుట్టు

మన భాషలో వస్త్రధారణకు రెండు క్రియలు కలవు. చీర కట్టుకొందురు, పంచె కట్టుకొందురు. రవిక తొడుగుకొందురు, చొక్కా తొడుగుకొందురు. ఈ రెంటిని తారుమారుగా పలికినచో పసిబిడ్డ సైతము నవ్వును. ఈ భేదము వట్టి మాటలలోనిది కాదు. కట్టుకొను బట్టకు రూపము నిచ్చునది కట్టుకొనువారి చేయి. తొడుగుకొను బట్టకు రూపము నిచ్చునది దర్జీవాని కత్తెర. మొదటిది ప్రతి ఉదయమును క్రొత్తగా పుట్టును. రెండవది కుట్టు ముగిసిననాడే స్థిరపడిపోవును.

ఈ రెంటి నడుమ నిలిచిన వస్త్రమొకటి కలదు. పాశ్చాత్యులు దానిని ‘రాప్ డ్రెస్’ అందురు. మనము చుట్టుగౌను అనుకొందము. దానికి భుజములున్నవి, చేతులున్నవి, కనుక తొడుగుకొనవలెను. ముందువైపు నిలువున తెరచియుండును, ఒక పొరపై నొక పొర వేసి నాడాతో బిగించుకొనవలెను, కనుక కట్టుకొనవలెను. గుండీలు లేవు, జిప్పు లేదు. మంచుదేశముల కుటుంబములు చలికాలపు సెలవులకు హవాయికో, తాహితికో, కరీబియను దీవులకో బయలుదేరునపుడు, కుట్టుమిషను చేతనైన ఇల్లాండ్రు ప్రయాణపు పెట్టెకై కుట్టుకొనుటకు ఎన్నుకొను బట్టలలో నిది ముఖ్యమైనది. చూచుటకు చిన్న గౌనే. కాని శీతదేశపు కుట్టు ఉష్ణదేశమున నేర్చుకొన్న పాఠము దానిలో నున్నది.

ఆ పాఠము తెలియవలెనన్న రెండువందల యేండ్ల వెనుకకు పోవలెను. 1819లో అమెరికాలోని బోస్టను రేవున కొందరు క్రైస్తవ మతప్రచారకులు భార్యలతో గూడ ‘థేడియస్’ అను ఓడ నెక్కి, ఐదు మాసములు సముద్రయానము చేసి, 1820 వసంతమున హవాయి దీవులను చేరిరి. అచ్చటి స్త్రీలు అప్పటికి చెట్టుబెరడును నానబెట్టి దంచి చేసిన ‘కాపా’ అను గుడ్డను నడుమునకు చుట్టుకొనుచుండిరి. కలాకువా అను రాణి ఓడమీదికి వచ్చి, ఆ తెల్లదొరసానులు ధరించినట్టి గౌను తనకును కుట్టిపెట్టుడని కోరెను. ఓడ పైతట్టుననే సూదులును దారములును వెలికి వచ్చినవి. న్యూ ఇంగ్లండు చలిలో పుట్టి, మెడవరకు మూసికొని, మణికట్టులవరకు చేతులు చాచుకొన్న గౌను హవాయి యెండలో అట్లు అడుగిడినది. రాణి భారీ విగ్రహము గనుక నడుము బిగింపు విడిచి, భుజపట్టీనుండి వదులుగా జారవిడిచిరి. అదియే ‘హోలోకూ’ అయినది. దాని క్రింద ధరించిన లోగౌనునకు ‘మూమూ’ అని పేరు. ఆ మాటకు ‘కత్తిరించివేసినది’ అని యర్థము. కాలక్రమమున హోలోకూ పండుగలకు పరిమితమయ్యెను. తేలికయైన మూమూయే నిత్యధారణకు నిలిచినది. తీర్పు చెప్పినవారు ప్రచారకులును కారు, రాణులును కారు, వాతావరణమే.

తాహితి దీవికిని ఆ మూసిన గౌను చేరినది. అచ్చటను బెరడు గుడ్డ పోయి ఐరోపానుండి అద్దకపు నూలుగుడ్డ వచ్చినది. అయినను ‘పారేఊ’ అను చుట్టుబట్ట మాత్రము చుట్టుబట్టగనే మిగిలినది. నేడు ఆ దీవులకు వచ్చు యాత్రికులు సముద్రతీరపు అంగళ్లలో కొని నడుమునకు చుట్టుకొనునది దానినే.

చుట్టుకొను బట్టను కుట్టించిన చరిత్రలో మన తీరమునకును భాగము కలదు. 17వ శతాబ్దమున డచ్చి వర్తకులు జపానునుండి కిమోనోలను కొనిపోగా, ఐరోపా పురుషులకు ఆ వదులు అంగీపై మోజు పుట్టెను. ఇంటిపట్టున చుట్టుకొని కూర్చుండు అట్టి అంగీని ఆంగ్లేయులు ‘బన్యన్’ అనిరి. గుజరాతు వర్తకుల ‘వాణియా’ అను పేరే అట్లు మారినది. మనము లోపల తొడుగుకొను బనీను ఆ మాటకు తోబుట్టువు. మచిలీపట్టణము మొదలగు కోరమండల తీరపు రేవులనుండి పోయిన కలంకారీ చీటిగుడ్డలు ఆ అంగీలకు పేరుపొందిన సరుకు. 1666లో లండనున శామ్యూల్ పీప్స్ అను దినచర్యకారుడు తన చిత్తరువు వ్రాయించుకొనుటకు ఒక ‘ఇండియా గౌను’ను అద్దెకు తెచ్చుకొనెననిన, ఆ మోజు ఎంతటిదో ఊహింపవచ్చును.

పురుషుడు తన చదువుగదిలో అనుభవించిన ఆ సుఖము స్త్రీ వీథిలో ధరించు గౌనునకు రావలెనన్న చాల కాలము పట్టినది. వీపున కొక్కెములు గల గౌను తొడుగుకొనుటకు మరియొకరి చేయి కావలెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో ఆహారశాఖ నిర్వహించిన హెర్బర్టు హూవరు పేరుమీద ‘హూవర్ ఏప్రన్’ ప్రచారమునకు వచ్చినది. దాని ముందు పొరలు రెండును ఒక్కతీరువి. పైపొర మాసినచో దానిని లోపలికి మడచి, శుభ్రమైన పొరను పైకి తెచ్చుకొనవచ్చును. రెండవ యుద్ధమున పనిమనుషులు ఫ్యాక్టరీలకు పోగా, 1942లో క్లేర్ మెకార్డెల్ అను రూపకర్త్రి ఇంటిపని చేసికొను గృహిణులకై ‘పాపోవర్’ అను చుట్టుగౌనును కల్పించెను. వెల 6.95 డాలర్లు, వేడిగిన్నె పట్టుకొను చేతితొడుగు దానితో జతగా వచ్చెడిది. 1952లో బటరిక్ సంస్థ వారి కాగితపు నమూనా యొకటి ‘వాక్ అవే’ అను పేరుతో వెలువడెను: ఉదయము కత్తిరింప మొదలిడి, మధ్యాహ్నమునకు ధరించి నడచిపోవచ్చునని దాని భావము. తుదకు 1974లో బెల్జియమున జన్మించిన డయాన్ ఫాన్ ఫర్స్టెన్‌బర్గ్ మెత్తని అల్లికగుడ్డతో చుట్టుగౌనును న్యూయార్కు అంగళ్లకు తెచ్చెను. రెండేండ్లలో పది లక్షలకు మించి అమ్ముడుపోయెను. ఉద్యోగమునకు పోవు స్త్రీ ఎవరి సాయమును లేక నిమిషములో ధరింపగల గౌను దొరికినది.

ఇక కుట్టు సంగతి. ఉష్ణమండలపు విహారమునకు కుట్టుకొనువారు మొదట ఆలోచింపవలసినది గుడ్డను గూర్చి. అల్లికగుడ్డ అందముగా జారును గాని, చెమటపట్టిన మేనికి అంటుకొనును. తేమగాలి దేశములకు పలుచని నూలుగుడ్డ గాని, లినెన్ గాని మేలు. అవి చెమటను పీల్చుకొని గాలికి ఆరును. రేయాన్ చల్లగా, ఒదుగుగా ఉండును. కాని తడిసినపుడు దాని పోగు బలము తగ్గును, గనుక నెమ్మదిగా ఉతుకవలెను. ఏ గుడ్డయైనను కత్తిరించుటకు ముందు ఒకసారి తడిపి, ఆరవేసి, ఇస్త్రీ చేయవలెను. కుట్టిన తరువాత కుంచించుకొనుట కంటె ముందే కుంచించుకొనుట మేలు కదా! 45 అంగుళముల పన్నా గుడ్డ సుమారు నాలుగు మీటర్లున్న, మోకాలు దాటిన గౌను సుఖముగా వచ్చును. అల్లికగుడ్డకై గీచిన నమూనాతో నేతగుడ్డను కత్తిరింపరాదు; నేతగుడ్డ సాగదు, దానికి టక్కులును కొంత వదులును కావలెను.

చుట్టుగౌనునకు ప్రాణస్థానము మెడ. భుజమునుండి నడుమువరకు ఏటవాలుగా దిగు ఆ అంచు పడుగునకును పేకకును అడ్డముగా తెగును గనుక, చేయి తగిలినంతనే సాగును. సాగిన మెడ నోరు తెరచుకొనును. దానిని పిన్నీసులతో మూయవలసిన దుర్గతి పట్టును. కావున కత్తిరించిన వెంటనే, మిగిలిన పనులకు ముందే, ఆ అంచున ఒక వరుస కుట్టు వేయవలెను. పిదప పడుగువెంట తీసిన సన్నని పట్టీని మెడ పొడవున కంటె కొలదిగా తక్కువ చేసి, గుడ్డను దానిలోనికి సర్దుచు కుట్టినచో, అంచు రొమ్మునకు ఒదిగి నిలుచును.

రెండవ ప్రమాణము పొరల వెడల్పు. సముద్రపు గాలి మన మర్యాదను ఎరుగదు. లోపలిపొర అవతలి తుంటివరకు చేరవలెను. మంచి గుడ్డపై కత్తెర పెట్టుటకు ముందు పాతచీరతో నమూనా కుట్టి, అద్దము ముందు నిలిచి చూచుట చాలదు. కూర్చుండవలెను, వంగవలెను, మెట్లెక్కవలెను. కూర్చున్నపుడు మోకాలివద్ద పొర విడిపోయినచో ఇంకను నాలుగంగుళములు కలుపవలెను.

నాడాల యేర్పాటు సులభము. కుడిప్రక్క కుట్టులో నడుమువద్ద అంగుళమున్నర విడిచి, ఆ రంధ్రమునకు పైనను క్రిందను గట్టికుట్టు వేయవలెను. లోపలిపొర నాడా దానిగుండ వెలికి వచ్చి, వీపును చుట్టి, ఎడమప్రక్క పైపొర నాడాతో ముడిపడును. అందువలన లోపలి నాడా చాల పొడవుగా నుండవలెను. పొరలు కలియుచోట తుప్పుపట్టని టిచ్చుబటను నొకదానిని లోపల కుట్టిన మంచిది. అడుగంచు మడచుటకు ముందు గౌనును ఒక రాత్రి వ్రేలాడదీయవలెను. ఏటవాలు భాగము తన బరువునకు ఎంత దిగవలెనో అంత దిగును, అప్పుడు సరిచేసి మడువవచ్చును. ఉప్పునీరు తగిలిననాడు మంచినీట జాడించి నీడన ఆరవేసినచో రంగు నిలుచును.

ఇట్లు కుట్టిన గౌను విప్పినచో పూర్తిగా పరచుకొనును. ఇస్త్రీకి సులువు, పెట్టెలో మడతకు సులువు. ఒంటిపై నున్నపుడు అడుగడుగునకు పొరల నడుమ గాలి ఆడును. విందు తరువాత అంగుళము సడలించుకొనవచ్చును. నెల తప్పిన స్త్రీ నాలుగంగుళములు సడలించుకొనవచ్చును. నిరుడు కుట్టినది ఈయేడు పట్టలేదను దిగులు తక్కువ. బిగువు ఎంత యుండవలెనో కొలత టేపు ఒకసారి చెప్పి ఊరకుండదు. ధరించునామె ప్రతిదినమును తానే నిర్ణయించుకొనును. హవాయి రాణికి ఓడపై కుట్టి యిచ్చిన గౌనులో లేని స్వాతంత్ర్యమిదియే. అందువలన ఈ గౌను కుట్టు సోదరి మెడకును, భుజమునకును, రంధ్రమునకును గట్టి కుట్టు వేయవలెను గాని, నడుమువద్ద ఎంత చక్కగా అమరినదని తోచినను ముడిని కుట్టివేయరాదు. అది కట్టుకొనునామె చేతికి విడువవలసిన పని.