హృల్లయ పరీక్షయు, దాని సంకేతలేఖనమును

1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, పిమ్మట బొంబాయి రాష్ట్రమునను, 1960 నుండి మహారాష్ట్రమునను చేరిన మా దెగ్లూరు పిల్లలు నేటికిని ఉద్యోగమునకై హైదరాబాదు దారి పట్టుచుందురు. నాయొద్ద తెలుగు చదివిన యొక బాలిక అచ్చట 'మెడికల్ కోడింగు' పనిలో చేరినది. సెలవులకు వచ్చినపుడు అదేమి పని యని యడిగితిని. "అమెరికా డాక్టర్ల ఇ.సి.జి. రిపోర్టులకు నంబర్లు ఏస్త సార్" అన్నది. ఆ నంబరులలో నింత వ్యాకరణ మున్నదని నేననుకొనలేదు.

గుండె కొట్టుకొనునపుడు పుట్టు సన్నని విద్యుత్తును కాగితముపై గీతగా దింపు పరీక్షయే ఇ.సి.జి. ఇందు రెండు క్రియలు గలవు. గీత తీయుట యొకటి. దానిని చదివి యర్థము వ్రాయుట వేఱొకటి. మొదటిదానికి కర్త యంత్రము నడపు మనిషి, రెండవదానికి వైద్యుడు.

అమెరికా వైద్యసంఘము 1966లో తొలిసారి ప్రకటించిన సి.పి.టి. యను సంకేతగ్రంథమున పండ్రెండు లీడుల ఇ.సి.జి.కి నేడు మూడు సంఖ్యలున్నవి. 93000 అనగా గీతయు వ్యాఖ్యానమును కలిసినది; 93005 గీత మాత్రమే; 93010 వ్యాఖ్యానమును నివేదికయు మాత్రమే. మొదటిది సమాసము, తక్కిన రెండును దాని విగ్రహమునందలి పదములు. ఆసుపత్రివారు గీత తీయగా వేఱొక వైద్యుడు చదివినచో, వారు 93005ను, ఆయన 93010ను వ్రాయవలెను. ఆయన 93000 వ్రాసెనా, ఒకే గీతకు రెండుమార్లు రుసుము కోరినట్లగును. మన లాక్షణికులు పునరుక్తిదోష మని యూరకుందురు గాని బీమావారు ఊరకుండరు. ఒకటి రెండు దినములు ఒంటికి తగిలించుకొని తిరుగు హోల్టరు పరీక్షకును ఇదే పద్ధతి: 93224 సమాసము, అందు వైద్యుని వంతు 93227.

వ్యాఖ్యాన మన నేమి? 'ఇ.సి.జి. నార్మల్' అని గిలికిన చాలదని అమెరికా ప్రభుత్వపు మెడికేరు నియమము. కనబడినదేమి, రోగి బాధతో దానికి సంబంధమేమి, వెనుకటి గీత యున్నచో భేదమేమి యని వేఱుగ వ్రాయవలెను. పద్యమునకు తాత్పర్యము వ్రాయు మన్నచో 'భావము బాగున్నది' యని వ్రాయు పిల్లలకు నేనును మార్కు లీయను.

అసలు చిక్కు రోగసంకేతమున నున్నది. ఒకనాడు మా బాలికకు బయటిరోగి నివేదిక యొకటి వచ్చినదట. గుండెదడ యని వచ్చిన మనిషి. వైద్యుడు 'ప్రాబబుల్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్' అని వ్రాసెను. ప్రక్కనున్న వారు ఆ వ్యాధిసంఖ్యయైన ఐ 48.91 వేయుమనిరి. బయటిరోగి విషయమున సందేహమును వ్యాధిగా వ్రాయరాదు. తెలిసిన లక్షణమునే వ్రాయవలెనని నియమము. దడకు సంఖ్య ఆర్ 00.2. వణకు చేతివలన సైతము గీత చెదరి ఆ వ్యాధివలె కనబడవచ్చును. తప్పుసంఖ్య యొకమారు దస్త్రమున కెక్కినచో రోగి వెంట తిరుగును. రేపటి వైద్యుడు దానిని నమ్మి రక్తము పలుచన చేయు మందును తలపెట్టవచ్చును. మన భాషలో 'కాబోలు' అను నొక్క మాట 'ఔను'గా మాఱినట్లు.

ఆమె ఆర్ 00.2 వేసినది. గంటకిన్ని నివేదికలని లెక్క గట్టు పని యగుటచే, ఆ యొక్క మాటకడ నాగినందుకు ఆనాటి లెక్క తగ్గినదట.