మొబైల్ యాప్ జీవనచక్రంలో ‘నల్’ దోషం: క్షేత్రపరిశోధన దృష్టితో ఒక వివరణ

కీలక పదాలు: నల్ సూచిక, జీవనచక్ర పద్ధతులు, ఆండ్రాయిడ్, మాండలిక పదసేకరణ, దోషనిర్ధారణ

ఉపోద్ఘాతం

మాండలిక పదసేకరణలో టేప్ రికార్డరు స్థానాన్ని మొబైల్ ఆక్రమించింది. నెల్లూరు తీరంలో, అల్లూరు మండలంలోని ఇసకపల్లి వంటి చోట ఒక పరిశోధకుడు మత్స్యకార వృత్తిపదాలను యాప్‌లో నమోదు చేస్తున్నాడనుకోవచ్చు. మొదటి తెరలో వక్త పేరు, ఊరు. రెండో తెరలో పదాలు. వక్త వలభాగాల పేర్లు చెబుతుండగా ఫోన్ వస్తుంది. మాట్లాడి తిరిగి యాప్ తెరిస్తే అది వెంటనే మూతపడుతుంది. నమోదు చేసిన పదాలు ఉండవు. వక్త తెల్లవారితే వేటకు పోతాడు. ఇలాంటి వైఫల్యాల వెనుక తరచుగా కనిపించేది నల్ పాయింటర్ దోషం.

నల్: శూన్యం కాదు, లేమి

జావా వంటి భాషల్లో చలరాశి వస్తువును తనలో ఉంచుకోదు. అది ఉన్న చోటును సూచిస్తుంది. ఏ వస్తువునూ సూచించని స్థితి నల్. దీనిని ‘శూన్యం’ అనడం కొంత తప్పుదారి పట్టిస్తుంది. సున్న ఒక విలువ, గణనలో పాల్గొంటుంది. నల్ విలువ లేకపోవడం. ‘వాడు చెట్టు నరికాడు’ అన్న వాక్యంలో ద్వితీయావిభక్తి ప్రత్యయం కనబడకపోయినా శ్రోత అర్థాన్ని పూరించుకుంటాడు. యంత్రానికి ఈ అధ్యాహారం చేతకాదు. లేని వస్తువును పని అడిగిన క్షణంలో ఆగిపోతుంది. 1965లో ఆల్గాల్ డబ్ల్యు భాష కోసం నల్ సూచనను ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో లండన్ సదస్సులో దానిని తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా స్వయంగా పేర్కొన్నాడు.

ఎక్కడ అనే ప్రశ్న, ఎప్పుడు అనే ప్రశ్న

ఆండ్రాయిడ్‌లో తెర ప్రాణం యాప్ చేతిలో లేదు, వ్యవస్థ చేతిలో ఉంది. తెర పుట్టినప్పుడు ఆన్‌క్రియేట్, కనుమరుగైనప్పుడు ఆన్‌స్టాప్, నశించేటప్పుడు సాధారణంగా ఆన్‌డిస్ట్రాయ్ పద్ధతులను వ్యవస్థే పిలుస్తుంది. యాప్ నేపథ్యానికి వెళ్లాక మెమరీ చాలకపోతే మొత్తం ప్రాసెస్‌నే తొలగించవచ్చు. పై ఉదాహరణలో జరిగింది అదే. పరిశోధకుడు తిరిగి రాగానే వ్యవస్థ రెండో తెరనే నేరుగా పునర్నిర్మించింది. వక్త పేరును మెమరీలో నింపే మొదటి తెర ఈసారి నడవలేదు. రెండో తెర ఆన్‌క్రియేట్‌లో ఆ పేరును అడిగింది, దొరికింది నల్.

లాగ్‌క్యాట్‌లోని దోషపత్రం కూలిన పంక్తిని చూపుతుంది. కాని ఆ పంక్తి నిర్దోషి. పేరు నిండి ఉన్న వందసార్లూ అది సరిగానే నడిచింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ సంయుక్తాక్షరపు ఒక ప్రత్యేక సంకేతక్రమం ఐఫోన్లలో యాప్‌లను కూల్చిన ఉదంతం తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. అక్కడ దోషం పాఠంలోని అక్షరక్రమాన్ని ఆశ్రయించింది కనుక ఎవరి చేతిలోనైనా పునరావృతమైంది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. జీవనచక్ర దోషం కాలాన్ని ఆశ్రయిస్తుంది. కాబట్టి ప్రతి పద్ధతిలోనూ ఒక లాగ్ సందేశం ఉంచి, డెవలపర్ ఆప్షన్లలో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ ఎంచుకొని, తెరను తిప్పి, యాప్‌ను నేపథ్యానికి పంపి చూడాలి. పై ఉదాహరణలోలాగా ప్రాసెస్ మొత్తం పోయే స్థితిని వేరుగా, యాప్ నేపథ్యంలో ఉండగా ప్రాసెస్‌ను ఆపి పరీక్షించాలి.

చికిత్సలో ఒక ప్రమాదం ఉంది. ‘నల్ అయితే వదిలేయి’ అన్న షరతు చేర్చితే యాప్ కూలదు. పదాలు మాత్రం వక్త పేరు లేకుండా నమోదవుతాయి, లేదా అసలు నమోదు కావు. పరిశోధకుడికి కూలిపోయే యాప్ కంటే ఇది ఎక్కువ నష్టం, ఎందుకంటే లోపం తెలిసేది సిద్ధాంతగ్రంథం రాసేటప్పుడే. తెర తిప్పినప్పుడు వ్యూమోడల్ విలువలను కాపాడుతుంది కాని ప్రాసెస్ పోతే అదీ పోతుంది. వక్త గుర్తింపు సంఖ్య వంటి చిన్న వివరాన్ని ఆన్‌సేవ్‌ఇన్‌స్టాన్స్‌స్టేట్‌లో అప్పగించాలి. పదాలను మాత్రం, ఒక్కొక్కటి నమోదైన వెంటనే, ఫోన్‌లోని డేటాబేస్‌లోకి చేర్చాలి.