ఇంటి సామాను స్టాకు రిజిస్టరు

ఇల్లు కదలకుండా కొన్నాళ్లు గడపవలసిన అవసరం ప్రతివారికీ యెప్పుడో వొకప్పుడు వస్తుంది. జ్వరం వచ్చినవారికీ, పురిటి తల్లికీ, వృద్ధులకూ అది మామూలే. 2020లో మార్చి 25 నుంచి అది దేశమంతటికీ వొక్కసారే వచ్చింది. మొదట యిరవై వొక్క రోజులన్నారు. పొడిగించుకుంటూ మే నెలాఖరు దాకా తీసుకుపోయారు. ఆ రోజుల్లో చాలామంది గోడ గడియారం వంక చూస్తూ, పొద్దు పోవడం లేదని విసుక్కున్నారు. ఆ గడియారం యెవరు కొన్నారు, యెవరు దానికి రోజూ కీ యిచ్చేవారు అని అడిగినవారు బహుశా తక్కువ.

అలా అడిగినవాడు పూర్వం వొకడున్నాడు. పేరు జేవియర్ ద మేస్త్ర్. సైన్యంలో ఉద్యోగి. ద్వంద్వ యుద్ధం చేసిన నేరానికి 1790లో ఆయనను, యిప్పటి ఇటలీలోని ట్యూరిన్ నగరంలో, నలభై రెండు రోజులు గది దాటి రావద్దన్నారు. ఆయన యేడుస్తూ కూర్చోలేదు. దూరదేశం వెళ్లిన యాత్రికుడు రాసినట్లు, కుర్చీ దగ్గర నుంచి మంచానికీ, మంచం దగ్గర నుంచి గోడ మీది పటాలకూ తాను చేసిన ప్రయాణం రాసుకున్నాడు. 1794లో అది 'నా గది చుట్టూ ప్రయాణం' అన్న పేర ఫ్రెంచి భాషలో పుస్తకమయింది. దానిలో అధ్యాయాలు గూడా సరిగ్గా నలభై రెండు. పాపం, ఆయనకున్నది వొక్క గది. మనకు వంటిల్లూ, అటకా గూడా వున్నవి గదా!

నేను సైనికుణ్ణి కాను, గుమాస్తాను. కిందటి వానల్లో చీలమండ యెముక చిట్లి ఆరు వారాలు పిండికట్టుతో మంచాన పడ్డాను. అప్పటికే మాకు మరొక పని నెత్తి మీద వున్నది. మా తాతగారి కాలం నుంచి చెన్నైలో మేము కాపురమున్న అద్దె యిల్లు సంక్రాంతి వెళ్లగానే ఖాళీ చెయ్యాలి. పోబోయేది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. సామానులో సగం పాత సామాన్ల కొట్టుకు పోక తప్పదు. "మీరు ఎటూ కూర్చునే వున్నారు. ఏది వుంచాలో, ఏది పంపాలో జాబితా రాయండి" అన్నది మా ఆవిడ.

ఆఫీసులో బల్లలకూ బీరువాలకూ డెడ్ స్టాకు రిజిస్టరు అని వొకటి వుంటుంది. యేటా వొకసారి వస్తువులన్నీ లెక్కచూసి సంతకం పెట్టాలి. ఇరవై యేళ్లుగా ఆ పని చేస్తున్నాను. ఇంట్లోనూ ఆ పద్ధతే పెట్టాను. వరుస సంఖ్య, వస్తువు పేరు, ఎక్కడి నుంచి వచ్చింది, దేనికి వాడతారు, రిమార్కులు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అటక మీది నుంచి వొక్కొక్కటే దింపి తెచ్చేది. మా అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని వివరం చెప్పేది.

మొదటి రోజు అమ్మాయి చిన్న యిత్తడి కొలపాత్ర తెచ్చి, "నాన్నా, యిది ఆళాక్కా?" అన్నది. "ఆళాక్కు కాదే తల్లీ, సోల" అన్నది మా అమ్మ. తరువాత చేట తెచ్చి 'ముఱం' అన్నది. కత్తిపీటను 'అరువామణై' అన్నది. పోపుల డబ్బాను 'అంజఱైపెట్టి' అన్నది. మా పిల్ల యింట్లో తెలుగే మాట్లాడుతుంది. అయితే వాక్యం తెలుగుది, దానిలోని సామాను తమిళానిది. తమిళం మాకు మూడు తరాలుగా అన్నం పెడుతున్న భాష. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కాని వొక భాష వచ్చినప్పుడు రెండోది పోనక్కరలేదు. కనుక రిజిస్టరులో పేరు గడిని రెండుగా చీల్చి, వొకదానిలో తెలుగు పేరూ, రెండోదానిలో తమిళం పేరూ రాయించాను.

ఆ సోల దగ్గరే మాకు వొక పూట గడిచిపోయింది. నాలుగు గిద్దలు వొక సోల, రెండు సోలలు వొక తవ్వ, రెండు తవ్వలు వొక మానిక అని మా అమ్మ వేళ్ల మీద లెక్క చెప్పింది. తమిళుల పడిలో యెనిమిది ఆళాక్కులు. రెంటిలోనూ పద్ధతి సగం, సగంలో సగం. అక్షరం రాని యిల్లాలు గూడా కాటా లేకుండా కంటితో పంచగలిగిన లెక్క అది. మానిక ప్రమాణం మాత్రం అన్ని జిల్లాల్లో వొకటి కాదు. మెట్రిక్ కొలతలకు 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి విడతలుగా అమలు పెట్టిన తరువాత, బజారులో బియ్యం కిలోలకు మారినవి. మా వంటింట్లో మాత్రం యీనాటికీ పప్పు గిద్దతోనే పోస్తారు. ఇంట్లో అందరికీ సరిపడే కొలత చేతికి తెలుసు, గ్రాములు తెలియవు.

తరువాత యిత్తడి గిన్నెలు దిగినవి. వాటి లోపలి తెల్లని పూత వెండి అనుకున్నది మా అమ్మాయి. అది కళాయి, అనగా తగరం. పులుపు తగిలితే యిత్తడికి కిలుము పట్టి వంట పాడవుతుంది గనక లోపల ఆ పూత వేయించేవారు. గిన్నెను నిప్పుల మీద బాగా కాచి, నవాసాగరం చల్లి మురికి పోగొట్టి, తగరపు ముక్క తగిలించి, అది కరగగానే దూదితో చుట్టూ తుడిచేవారు. తగరం 232 డిగ్రీల వేడికే కరుగుతుంది గనక వీధిలో చిన్న కొలిమి పెట్టుకున్నవాడికి గూడా ఆ పని సాధ్యమయ్యేది. చారు, పులుసు లేకుండా పూట గడవని మన యిళ్లకు ఆ కళాయివాడు యెంత ముఖ్యుడో యోచించండి.

గిన్నెలు తిరగేసి చూసినప్పుడు మరొక సంగతి బయటపడింది. మా నాయనమ్మ 1948లో కొత్త కాపురానికి తెనాలి వైపు నుంచి మద్రాసు వచ్చింది. మా తాతగారు యిక్కడ తెలుగు అచ్చాఫీసులో కంపోజిటరు. ఆమె తెచ్చుకున్న కంచు కంచం అంచున చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలున్నవి. మా అమ్మ పెళ్లి 1974లో జరిగింది. ఆ బిందెల మీద పేరు తమిళ అక్షరాల్లో వున్నది. కొట్టువాడికి ఆ లిపే వచ్చునట. మా పెళ్లికి, 2006లో, కొన్న స్టీలు సామాను మీద మిషనుతో చెక్కిన ఇంగ్లీషు పొడి అక్షరాలు. వొకే యిల్లు, మూడు తరాలు, మూడు లిపులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం యేర్పడినప్పుడు మద్రాసులో నిలిచిపోయిన కుటుంబాల చరిత్ర యెవరైనా రాయదలిస్తే, వారు మా వంటింటి గిన్నెల అడుగు గూడా చూడవచ్చు.

ఇంతకంటె ముఖ్యమైన మాట వొకటి వున్నది. మా అమ్మకు డెబ్బయి దాటినవి. ఈ మధ్య మాటల మధ్యలో ఆగిపోతున్నది. "అదేనే, దాని పేరు..." అని వెతుక్కుంటుంది. ఆమెను వూరికే కూర్చోబెట్టి, పాత సామాన్ల పేర్లు చెప్పమంటే నాలుగైదు చెప్పి మానుకుంది. వస్తువు చేతిలో పెట్టినప్పుడు మాత్రం పేరు దానంతట అదే వచ్చింది. పేరు వెనక పని గూడా వచ్చింది. చేట పట్టుకోగానే చేతులు ఆడినవి. ధాన్యాన్ని పైకెగరవేసి పొట్టును గాలికి పోనిస్తే చెరగడమట. ఎగరవెయ్యకుండా పక్కలకు ఆడిస్తూ నూకనూ రాళ్లనూ విడదీస్తే నేమడమట. కవ్వం తాడు పట్టుకోగానే, వెన్న పడాలంటే తెల్లవారుజామున చల్లపూట చిలకాలన్నది. వేడిలో వెన్న కరిగి మజ్జిగలో కలిసిపోతుందన్నది. అప్పుడు నాకు తోచింది. మాట మనిషి నోట్లోనే వుంటుందనుకుంటాము గాని, సగం వస్తువులో వుంటుంది. చేట యింట్లో నుంచి పోతే వెదురు అల్లిక వొక్కటే పోదు, దానితో రెండు క్రియలు పోతవి.

అలాగని అన్నీ వుంచుకోగలమా? రెండు గదుల ఫ్లాటులో గంగాళం యెక్కడ పెడతారని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్న. మా అమ్మ ముఖం చిన్నబోయింది గాని యేమీ అనలేదు. గంగాళం, రెండు గుండిగలు, పగిలిన యిత్తడి చెంబులు కిలోల లెక్కన తూకానికి పోయినవి. పోయే ముందు వాటి పేర్లు, వైశాల్యం, యెవరి పెళ్లిలో వచ్చినవో మా అమ్మాయి రిజిస్టరులో యెక్కించింది. రోలు మూడంతస్తులు మోసేవారు లేరు. రాయి అరిగి నున్నబడితే పిండి జారిపోతుంది గనక, దానికి గంట్లు పెట్టించి, పక్క వీధిలో యింటి వద్దనే దోసెపిండి రుబ్బి అమ్మే ఆమెకు యిచ్చివేశాము. మొత్తం 118 పద్దుల్లో మాతో వచ్చినవి 41. కంచం, సోల, గిద్ద, చేట, కవ్వం ఆ 41లో వున్నవి. కొట్టువాడు కంచాన్ని గూడా తూకంలో వెయ్యబోతే రిమార్కుల గడిలో 'అమ్మకానికి కాదు' అని రాసి మా అమ్మ చేత సంతకం పెట్టించాను. ఆమె తెలుగులో పెట్టింది.

మన పత్రిక చదివే కుటుంబాలు చాలావరకు మావంటివే. బెంగుళూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా పక్కింటి భాష వొకటి మన వంటింట్లోకి వచ్చి కూర్చున్నదే. ఇంట్లో వుండిపోవలసిన రోజులు వచ్చినప్పుడు వొక నోటుబుక్కు తీసుకోండి. రోజుకొక వస్తువు చాలు. ఇంట్లో పెద్దవారి చేతికి దానిని అందించి, పేరేమిటో, యెక్కడి నుంచి వచ్చిందో, దానితో చేసే పనిని యేమంటారో అడగండి. రాత పని పిల్లలకు అప్పగించండి. పెద్దవారు లేని యిళ్లలో యెదురింటి మామ్మగారిని అడగవచ్చు, ఆమె సంతోషిస్తుంది. ఉగాదికి మన సంఘంలో అందరమూ కలిసినప్పుడు యెవరి జాబితా వారు తెచ్చి చదివితే, నా రిజిస్టరులో ఖాళీగా వున్న తొమ్మిది గడులను పూర్తి చేసేవారు మీలో దొరుకుతారని నా ఆశ.