చేరదీయాలి, మాలిమి చేయరాదు!
కాజిరంగాలో అనాథ వన్యప్రాణుల సంరక్షణ – పశువైద్య విద్యార్థులకు కొత్త పాఠాలు

గౌహతి: పాలసీసాను చూసి పరుగున వచ్చే ఖడ్గమృగం పిల్లను నిమరకుండా నిలబడటం అంత సులభం కాదు. అయితే గాయపడిన, తల్లులను కోల్పోయిన వన్యప్రాణుల సంరక్షణలో శిక్షణ పొందే విద్యార్థులు మొట్టమొదట నేర్వవలసిన పాఠం అదే.

అస్సాంలోని కాజిరంగా జాతీయ వనం అంచున గల వన్యప్రాణి పునరావాస, పరిరక్షణ కేంద్రం ఈ విద్యకు పేరెన్నికగన్నది. రాష్ట్ర అటవీశాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అంతర్జాతీయ జంతు సంక్షేమ నిధి కలిసి 2002లో దీనిని నెలకొల్పాయి. పశువైద్య విద్యార్థులు శిక్షణ నిమిత్తం ఇక్కడికి వస్తుంటారు.

వర్షాకాలంలో బ్రహ్మపుత్ర పొంగినప్పుడు కాజిరంగా జంతువులు దక్షిణాన గల కార్బీ ఆంగ్లాంగ్ కొండలకు తరలిపోతాయి. మధ్యలో జాతీయ రహదారిని దాటవలసి ఉంటుంది. ప్రవాహానికి ఎదురీదలేని పిల్లలు తల్లుల నుండి విడిపోతాయి. కొన్ని జంతువులు వాహనాలు తగిలి గాయపడతాయి. 2024 జూలై వరదల్లో ఈ వనంలో 200కు పైగా జంతువులు మరణించాయి.

ఈ శిక్షణలో సాహసం పాలు తక్కువ, చాకిరీ పాలు ఎక్కువ. సీసాలు శుభ్రపరచడం, వేళ తప్పకుండా పాలు పట్టడం, బరువు తూచి నమోదు చేయడం, పేడను పరిశీలించడం నిత్యకృత్యాలు. ఖడ్గమృగం పాలలో కొవ్వు అత్యల్పం. అందువల్ల ఆవుపాలో, గేదెపాలో యథాతథంగా పడితే పిల్లకు విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉంది. తల్లిలేని పసికూనకు విరేచనాలే ప్రాణాంతకం కావచ్చు.

పశువైద్య పట్టా చదువులో సింహభాగం ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్లకు సంబంధించినదే. 2016 నాటి నిబంధనల ప్రకారం అయిదున్నరేళ్ల కోర్సులో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. వన్యప్రాణుల వద్దకు వచ్చిన విద్యార్థికి వైద్యం అనే మాటకు అర్థమే మారిపోతుంది. ఆవుకు విరిగిన కాలు అతికితే వైద్యం ముగిసినట్లే. చిరుతకు కాలు అతికినా అది వేటాడలేకపోతే వైద్యం ఫలించనట్లే.

మనిషంటే భయం పోవడం మరొక చిక్కు. ముద్దుచేసి పెంచిన జంతువు అడవిలో వదిలినా తిండికోసం ఊళ్లవైపే వస్తుంది. దానివల్ల మనుషులకూ ముప్పే, మనుషుల వల్ల దానికీ ముప్పే. అందుకే పిల్లలను సాకే పని కొద్దిమందికే పరిమితం చేస్తారు. అవి ఎదిగేకొద్దీ ఆ కొద్దిమంది కూడా దూరం జరగవలసి ఉంటుంది.

ఈ ఓర్పు వృథా పోలేదనడానికి మానస్ జాతీయ వనమే నిదర్శనం. అశాంతి రోజుల్లో విచ్చలవిడిగా సాగిన వేట వల్ల అక్కడ ఖడ్గమృగాలు తుడిచిపెట్టుకుపోయాయి. కాజిరంగా కేంద్రంలో పాలసీసాతో పెరిగిన ఖడ్గమృగాలను 2006 నుండి అక్కడికి తరలించడం ప్రారంభమైంది. 2004 వరదల్లో దొరికి, ఆ విధంగా పెరిగిన ఆడ ఖడ్గమృగాలు 2013లో మానస్‌లో పిల్లలను కన్నాయి.

ఇదిలా ఉండగా, ఒంటరిగా కనిపించిన ప్రతి పిల్లా అనాథ కాదన్నది ఈ విద్యలో మరొక ముఖ్యాంశం. మేతకు వెళ్లే లేడి తన పిల్లను పొదలో దాచి వెళుతుంది. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో చెరకు నరికేటప్పుడు చిరుత కూనలు తరచూ కనిపిస్తాయి. వాటిని దొరికిన చోటనే రాత్రివేళ ఉంచితే తల్లి వచ్చి తీసుకుపోయిన సందర్భాలు అనేకం. జాలిపడి ఇంటికి తెచ్చుకోవడమంటే, తల్లి ఉన్న బిడ్డను అనాథను చేయడమే.

చట్టం కూడా అందుకు అనుమతించదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణి చేతికి చిక్కినవారు 48 గంటల్లోగా సమీప పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అధికారికి గాని తెలియజేయాలి.

పెంచినవారిని జంతువు మరచిపోవడమే ఇక్కడ విజయం. నెలల తరబడి పాలుపట్టిన ఖడ్గమృగం తన వైపు తిరిగి చూడకుండా గడ్డిలోకి సాగిపోయిన నాడే విద్యార్థి ఉత్తీర్ణుడైనట్లు లెక్క.