భర్తపై పోటీలో గెలిచిన డాక్టరమ్మ

1896 నవంబరు. అమెరికాలో యూటా రాష్ట్రం ఏర్పడి ఇంకా ఏడాది నిండలేదు. సాల్ట్ లేక్ కౌంటీ నుంచి రాష్ట్ర సెనేట్‌కు ఐదు స్థానాలు. రిపబ్లికన్ల జాబితాలో ఏంగస్ కానన్ ఉన్నారు. డెమోక్రాట్ల జాబితాలో ఆయన భార్య, డాక్టర్ మార్థా హ్యూస్ కానన్. ఐదు స్థానాలూ డెమోక్రాట్లకే దక్కాయి. భర్త ఇంటికి, భార్య సభకు! అమెరికాలో తొలి మహిళా స్టేట్ సెనేటర్ ఆమే.

ఈమె గురించి ఎవరు రాసినా ఈ ముచ్చటతోనే మొదలుపెడతారు, మేమూ అంతే. కానీ తల్లిదండ్రులకూ, టీచర్లకూ చెప్పాల్సింది వేరే ఉంది.

మార్థా 1857లో వేల్స్‌లో పుట్టారు. కుటుంబం వలస వచ్చి సాల్ట్ లేక్ చేరిన మూడో రోజునే తండ్రి పోయారు. పద్నాలుగేళ్లకే బడిలో పాఠాలు చెప్పారు. తర్వాత పత్రికాఫీసులో అక్షరాలు కూరుస్తూ చదువుకు డబ్బు కూడబెట్టారు. మిషిగన్‌లో వైద్యవిద్య చదివే రోజుల్లో హాస్టల్లో అంట్లు తోమారు, పక్కలు సర్దారు. 1880లో సరిగ్గా 23వ పుట్టినరోజున డాక్టరు పట్టా అందుకున్నారు. అక్కడితో ఆగలేదు. ఫిలడెల్ఫియా వెళ్లి మరో వైద్య కోర్సుతో పాటు ప్రసంగకళ కూడా నేర్చుకున్నారు. రోగులతో మాట్లాడటానికి అంత శిక్షణ అక్కర్లేదు కదా. ప్రజల ముందు నిలబడాలన్న ఆలోచన అప్పటికే ఆమెకు ఉందని మాకనిపిస్తుంది.

మోర్మన్ ఆచారం ప్రకారం 1884లో ఏంగస్‌కు నాలుగో భార్య అయ్యారు. బహుభార్యత్వంపై ప్రభుత్వం కేసులు పెడుతున్న రోజులవి. తను పురుడు పోసిన బిడ్డల తండ్రులకు వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వస్తుందన్న భయంతో చంటిబిడ్డను తీసుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయారు. తిరిగొచ్చాక నర్సులకు శిక్షణ బడి పెట్టారు.

ఇక సెనేట్‌లో. బధిర, అంధ పిల్లల చదువును తప్పనిసరి చేసే చట్టం ఆమె చొరవతోనే వచ్చింది. యూటాలో బధిర పిల్లలకు 1884 నుంచే బడి ఉంది. కానీ బడి ఉండటం వేరు, పిల్లాడు అందులో ఉండటం వేరు. పంపాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టానికి వదిలేస్తే ‘వీడికి చదువెందుకు’ అనే మాటే నెగ్గుతుంది. చట్టం వచ్చాక ఆ మాటకు చోటు తగ్గింది. ఇక్కడ మన బడుల్లో ప్రతి జూన్‌లోనూ హాజరుపట్టీ పట్టుకుని ఇంటింటికీ తిరిగే టీచర్లకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

రాష్ట్ర ఆరోగ్య బోర్డు ఏర్పాటుకూ ఆమే పూనుకున్నారు. ఇంకో చట్టం చిన్నదే అయినా మాకు బాగా నచ్చింది. రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలు ఖాళీ దొరికినప్పుడు కూర్చోవడానికి యజమాని కుర్చీలు వేయాలి. నిలబడి నిలబడి కాళ్లు వాచినవాళ్లను చూసిన డాక్టరుకే తోచే సంగతి ఇది.

రెండోసారి పోటీ చేయలేదు. 1932లో లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు. ఆమె కోరిక మేరకు డైరీలను కొడుకు తగలబెట్టేశాడు. ఇంగ్లండ్ నుంచి భర్తకు రాసిన ఉత్తరాలు మాత్రం మిగిలాయి. 2024 డిసెంబరులో వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనంలో యూటా తరఫున ఆమె విగ్రహం పెట్టారు.