మా ఉద్దానం ఫోన్లూ.. రాడార్ లెక్కలూ

2018 అక్టోబరు 11. తెల్లారేసరికి తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటేసింది. నేను విజయనగరంలో ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నాను. మాది ఉద్దానం. ఊళ్లో ఎవరికి చేసినా ఫోన్ కలవదు. కొబ్బరి తోట సంగతి తర్వాత, అసలు అమ్మ ఎలా ఉందో తెలీదు.

మూడో రోజు మావయ్య బైక్ మీద సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లి, హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ చేశాడు. చేతిలో చీటీ, అందులో నలభై ఇళ్ల కబుర్లు. ‘అమ్మకేటీ కాలేదురా, రేకులెగిరిపోయాయంతే’ అన్న మాట అన్నయ్య ద్వారా నాకు చేరింది. నలభై ఇళ్ల నుంచీ బయటున్న నలభై మందికీ విడివిడిగా చేస్తే 1,600 కాల్స్. ఇలాగైతే చీటీలోకి 40, ఒక ఫోన్, అటువైపు 40. మొత్తం 81.

ఇదే లెక్క మళ్లీ ఉద్యోగంలో ఎదురైంది. రేడియో తరంగం లోహానికి తగిలితే ఎలా చెదురుతుందో చెప్పే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. తరంగం తగిలినచోట కరెంటు పుడుతుంది, ఆ కరెంటు మళ్లీ తరంగాల్ని వెదజల్లుతుంది. రాడార్‌కి విమానం కనిపించేది అందుకే. ఆ కరెంటు లెక్కకట్టడానికి విమానం ఒంటిని బుల్లి త్రిభుజాలుగా కోస్తాం. రెండు త్రిభుజాలు కలిసే ప్రతి అంచుకీ ఒక తెలియని సంఖ్య. ఈ పద్ధతిని ఆర్‌డబ్ల్యూజీ అంటారు. అందులో ‘ఆర్’ ఎవరో తెలుసా? మన ఉస్మానియాలో చదివిన సదాశివ రావు! 1982లో విల్టన్, గ్లిసన్‌లతో కలిసి రాసిన పేపర్ అది. నాకు కాలేజీలో ఉండగా ఈ పేరే తెలీదు. సరే.

చిక్కేమిటంటే, ప్రతి అంచూ మిగతా అన్ని అంచులతో మాట్లాడుతుంది. 30 వేల అంచులకే పట్టిక 14 జీబీ. నా ల్యాప్‌టాప్ ర్యామ్ 16. ఇక 3 సెంటీమీటర్ల తరంగానికి, వంద చదరపు మీటర్ల విమానాన్ని 3 మిల్లీమీటర్ల త్రిభుజాలుగా కోస్తే అంచులు దాదాపు 4 కోట్లు. పట్టికకి రెండు కోట్ల జీబీ పైనే కావాలి!

1987లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో గ్రీన్‌గార్డ్, రోఖ్లిన్ అనే ఇద్దరు కనిపెట్టింది సరిగ్గా మావయ్య చీటీనే. పేరు ఫాస్ట్ మల్టీపోల్ మెథడ్. పక్కపక్క అంచులు నేరుగా మాట్లాడుకుంటాయి. దూరపు గుంపుల మధ్య మాత్రం ఒకటే చీటీ. తర్వాత రోఖ్లిన్ దీన్ని తరంగాలకి తెచ్చాడు. 1990ల్లో ఇల్లినాయ్‌లో వెంగ్ చో చ్యూ బృందం ఊరు, మండలం, జిల్లా అన్నట్టు అంచెలు కట్టింది. దాంతో అంచులు పదింతలైతే పని వందింతలవ్వదు, పదింతల కన్నా కాస్త ఎక్కువవుతుందంతే.

అయితే తరంగాలతో ఓ పేచీ ఉంది. చీటీలో ‘అందరూ క్షేమం’ అంటే చాలదు. ఏ దిక్కుకి ఎంత బలంతో వెళ్తోందో రాయాలి. గుంపు పెద్దదయ్యేకొద్దీ చీటీ పొడుగవుతుంది. ఓసారి టైం కలిసొస్తుందని నేను దిక్కులు తగ్గించేశా. ప్రోగ్రాం చకచకా పరిగెత్తి, తప్పు జవాబిచ్చింది. ఎక్కడ తప్పిందో వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఆ తుపానప్పుడూ అంతే. చీటీలో ఒకింటి ఎదురుగా ‘బాగున్నారు’ అని మాత్రమే ఉంది. జీడితోట మొత్తం పోయిందని ఆ ఇంటబ్బాయికి ఊరొచ్చాకే తెలిసింది.

మొన్న సంక్రాంతికి ఇదంతా మావయ్యకి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

‘ఏటోరా.. ఆ రోజు నా ఫోన్లో చార్జింగు ఒక్క కాల్‌కే ఉంది’ అన్నాడు.