పాత కారుకు రాకర్ల ఎంపిక

కొత్తగూడ కూడలి మీది వంతెన 2023 జనవరి 1వ తేదీన ప్రారంభమైనది. దానిపై సాగిపోవు వాహనములలో అధిక భాగము నిన్నమొన్న కొన్నవే. ఆ ప్రవాహము నడుమ అప్పుడప్పుడు ఒక తెల్లని అంబాసిడరు కనబడును. అది మా పొరుగున నివసించు విశ్రాంత ఉపాధ్యాయునిది. ఆయన తండ్రిగారు కొన్న కారు. కిందటి సంవత్సరము ఆయన దాని ఇంజను బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్పించినారు. కూడబెట్టిన సొమ్ము చాలవరకు దానికే వెచ్చించినారు. కారు ఇంటికి వచ్చిన పది దినములకే ఇంజను పైభాగమున టకటకమను శబ్దము మొదలైనది. ఒకనాటి ఉదయము ఆ వంతెన మీదనే ఒక పుష్ రాడ్డు వంగిపోయి కారు నిలిచిపోయినది.

విప్పి చూడగా కారణము తేలినది. ఎనిమిది రాకర్లలో రెండు వేరు జాతివి. అరిగిన రెంటికి బదులుగా పెట్టెలో దొరికిన రెంటిని మరమ్మతు చేసినవారు తొడిగినారు. చూపునకు అన్నియు ఒక్కటే. కాని ఆ రెంటి మరల చివరనున్న గుండు పుష్ రాడ్డు గిన్నెలో సరిగా కూర్చుండలేదు. అరచేతిలో ఇమిడిపోవు ఇంత చిన్న భాగము అంత ఖర్చును ఏల వృథా చేసినది? దీనిని తెలియవలెనన్న మొదట రాకరు పని తెలియవలెను.

మన పల్లెలలో బావుల వద్ద ఏతములు ఉండెడివి. నిలువు స్తంభముపై ఒక దూలము; ఒక కొన దిగినచో రెండవ కొన లేచును. రాకరు ఇంజనులోని ఏతమే. క్రింద క్యామ్ షాఫ్టు తిరుగుచు పుష్ రాడ్డును పైకి నెట్టును. రాడ్డు రాకరు ఒక కొనను ఎత్తును. రెండవ కొన దిగి వాల్వును నొక్కి తెరచును. ఒత్తిడి తొలగగనే స్ప్రింగు వాల్వును మూయును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు క్యామ్ షాఫ్టు 1500 చుట్లు తిరుగును. అనగా ఒక్కొక్క రాకరు సెకనుకు 25 మారులు ఊగును.

అన్ని అంబాసిడర్లకు ఒకే రాకరు సరిపోవునని తలచుట పొరపాటు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై ఉత్తరపారాలో తయారైన ఈ కారునకు తొలుత ప్రక్క వాల్వుల ఇంజను ఉండెడిది. దానికి ఈ రాకర్లతో పనియే లేదు. 1959లో 1489 ఘన సెంటీమీటర్ల, వాల్వులు తలపైనుండు ఇంజను వచ్చినది. మనము చెప్పుకొనుచున్నది దానిని గురించియే. తరువాత వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజనులో క్యామ్ షాఫ్టు తలపైననే ఉండుటచేత పుష్ రాడ్లే లేవు. ప్రీమియర్ పద్మిని యొక్క 1089 ఘన సెంటీమీటర్ల ఇంజనులో పుష్ రాడ్లు ఉన్నను దాని కొలతలు వేరు. 2014లో అంబాసిడరు ఉత్పత్తి ఆగిపోయినది. కావున నేడు బజారునకు పోవువాడు కారు పేరు చెప్పిన చాలదు. ఇంజను సంఖ్యను, విప్పిన పాత రాకరును వెంట తీసికొని పోవలెను.

ఎంపికలో మొదట చూడవలసినది నిష్పత్తి. ఏతమునకు రెండు చేతులు సమానముగా ఉండనట్లే రాకరునకు కూడ వాల్వు వైపు చేయి పొడవుగా ఉండును. ఉదాహరణకు క్యామ్ 6 మిల్లీమీటర్లు ఎత్తినదనుకొనుడు. నిష్పత్తి 1.4 అయినచో వాల్వు 8.4 మిల్లీమీటర్లు తెరచుకొనును; 1.5 అయినచో 9 మిల్లీమీటర్లు. తేడా 0.6 మిల్లీమీటరే కదా అనవచ్చును. కాని ఆ తేడా ఒక్క సిలిండరులో మాత్రమే ఉన్నచో ఆ సిలిండరు శ్వాస వేరు, మిగిలిన మూడింటి శ్వాస వేరు. ఇంజను నిలకడగా నడువదు. ఎత్తు మరీ హెచ్చినచో స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తాకి బిగిసిపోవును. అప్పుడు పుష్ రాడ్డు వంగును.

రెండవది షాఫ్టు, బుష్షు, చమురు దారి. రాకర్లన్నియు బోలు షాఫ్టుపై ఊగును. చమురు ఆ షాఫ్టులోనికి ఎక్కి, చిన్న రంధ్రముల గుండా ప్రతి బుష్షునకు చేరును. కొత్త బుష్షు దిగగొట్టిన తరువాత దాని రంధ్రము రాకరు రంధ్రముతో కలియనిచో చమురు అందదు. ఎండిన బుష్షు కొద్ది దినములలోనే షాఫ్టును తినివేయును. షాఫ్టు అడుగుభాగమున గోరు ఆనించి జరిపి చూడుడు. మెట్టు తగిలినచో షాఫ్టును కూడ మార్చవలెను; అరిగిన షాఫ్టుపై కొత్త రాకరు నిలువదు.

మూడవది వాల్వును తాకు ముఖము. చాల కాలము నడిచిన రాకరు ముఖముపై వాల్వు కొన వెడల్పున ఒక గుంట పడును. ఫీలర్ గేజి రేకు ఆ గుంటలోనికి దిగక దాని అంచుల మీదుగా పోవును. ఈ జాతి ఇంజన్లకు సాధారణముగా చెప్పు 15 థౌ, అనగా 0.38 మిల్లీమీటరు ఖాళీ పెట్టితిమని మనము తలతుము. నిజమైన ఖాళీ అంతకంటె ఎక్కువ. టకటక శబ్దము పోదు. ఎన్నిమారులు ట్యాపెట్లు సర్దినను పోని శబ్దమునకు తరచుగా మూలము ఇదియే.

నాలుగవది ఎత్తుల పొందిక. హెడ్డును ఫేసింగు చేయించినచో అది పలుచబడి రాకర్లు క్రిందికి వచ్చును; పుష్ రాడ్డు పొడవు మాత్రము తగ్గదు. సీట్లు అరుగగొట్టినచో వాల్వు కొన పైకి లేచును. ఈ రెండును రాకరు ఊగు కోణమును మార్చును. పరీక్ష సులభము. వాల్వు కొనకు సిరా పూసి, బిగించి, ఇంజనును చేతితో రెండు చుట్లు త్రిప్పి, విప్పి చూడుడు. చెరిగిన గీత కొన మధ్యన ఉండవలెను. అంచున ఉన్నచో రాకరు స్తంభముల క్రింద తగిన రేకులు వేయవలసి యుండును.

రాకర్లను విప్పునపుడు ఒక జాగ్రత్త ఉన్నది. ఈ ఇంజనులో రాకరు స్తంభములను పట్టియుంచు నట్లలో నాలుగు సిలిండరు హెడ్డును కూడ బిగించును. నీటిని వదలక, తక్కిన హెడ్డు నట్లను కొంచెము కొంచెముగా, సమముగా సడలింపక, ఆ నాలుగింటిని మాత్రమే విప్పినచో హెడ్డు వంకరపోయి నీరు సిలిండర్లలోనికి దిగవచ్చును.

బిగించిన పిమ్మట ఖాళీలను సర్దుటకు తొమ్మిది లెక్క ఉన్నది. ముందునుండి వాల్వులకు 1 మొదలు 8 వరకు సంఖ్యలు ఇయ్యుడు. 8వది పూర్తిగా తెరచియున్నపుడు 1వదానిని సర్దుడు. 6వది తెరచియున్నపుడు 3వదానిని. తెరచిన దాని సంఖ్యయు సర్దునట్టి దాని సంఖ్యయు కలిసిన ఎప్పుడును తొమ్మిదే. సరియైన ఖాళీ ఎంతయో ఆ కారు పుస్తకమును చూచి స్థిరపరచుకొనవలెను.

జాంబాగు, పుత్లీబౌలి, రాణీగంజు అంగళ్లలో పాత బండ్ల భాగములు వెదకువారు ఎనిమిదింటిని ఒకే జట్టుగా కొనుట మేలు. అట్లు దొరకనిచో కొన్నవాటిని షాఫ్టుకు తొడిగి, పాతవాటి ప్రక్కన నిలిపి, చేతుల పొడవు, బుష్షు లోకొలత, మర గుండు, చమురు రంధ్రము ఒక్కొక్కటిగా సరిచూడుడు. గంట కాలము పట్టును. ఆ గంటను మిగిల్చుకొనబోయి మా మాస్టారు నెల దినములు కారు ఎక్కలేదు.

చివరకు ఆయన కారును సరిచేసిన వృద్ధ మేస్త్రీ ఎనిమిది రాకర్లను బల్లపై వరుసగా పేర్చి చూపి ఒక్కమాట అన్నాడట: "కొత్తది గాదు సార్, జతది గావాలె." ఇంజను విప్పు ప్రతి ఒక్కరును గుర్తుంచుకొనదగిన మాట అది.